ఆపరేషన్ ముందు దావత్

అబిడ్స్‌లోని ఆ క్లినిక్ వెయిటింగ్ హాల్లో కుర్చీలు చాలానే ఉన్నాయి. చేతులు లేని కుర్చీ మాత్రం ఒక్కటే. బరువు తగ్గించే ఆపరేషన్లు చేసే చోట చేతుల కుర్చీలు వేయాలని ఎవరికి తోచిందో గానీ, వాళ్లు తప్పకుండా బక్కవాళ్లే అయివుంటారు. వాటి మధ్య ఒకసారి ఇరుక్కుంటే, మనతో పాటు కుర్చీ కూడా లేస్తుంది.

అంజన్‌కు ఆ అవమానం బాగా తెలుసు. నూట ముప్పై కిలోల మనిషి. వానలో తడిసి, లిఫ్ట్ పనిచేయక మెట్లెక్కి, ఆయాసపడుతూ వచ్చాడు. చేతుల్లేని కుర్చీ కనబడగానే ప్రాణం లేచివచ్చింది. తీరా దగ్గరికి వెళ్లేసరికి, తనకేమీ తీసిపోని ఒక ఆకుపచ్చ చుడీదార్ అమ్మాయి పక్కనుంచి దూసుకొచ్చి కూర్చుంది.

"మేడమ్, గా కుర్చీ నేను ముందుగాల చూసిన," అన్నాడు.

"చూసినోళ్లది కాదు సార్, కూసున్నోళ్లది కుర్చీ." దుపట్టాతో మొహం తుడుచుకుంది. "నాంపల్లి కోర్టుల స్టెనోని. గిసొంటి కేసులు రోజూ టైప్ చేస్త."

"ఇది కోర్టు కాదు, దవాఖాన."

"అయితే నిలబడుండ్రి. జర కరుగుతది."

హాలంతా నవ్వింది. న్యాయంగా అంజన్‌కు కోపం రావాలి. కానీ నవ్వినప్పుడు ఆమె కుడిబుగ్గ మీద పడిన గుంట చూస్తూ ఆ సంగతే మరిచిపోయాడు. ఆమె పేరు సాయిసుధ అని నర్సు పిలిస్తే తెలిసింది.

ఆ రోజు డాక్టర్ రత్నాకర్ కొత్తగా వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టి, రబ్బరు పొట్ట ఒకటి చేత్తో పట్టుకుని అన్ని రకాల ఆపరేషన్లూ వివరించాడు. ఏదీ మంత్రం కాదనీ, ఎవరి జబ్బును బట్టి వాళ్లకు ఏది సరిపోతుందో చూడాలనీ చెప్పాడు. తర్వాత ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాడు గానీ, పల్చటి తలుపు వెనక మాటలన్నీ బయటికి వినబడుతూనే ఉన్నాయి. బయటికి వచ్చేసరికి వాన ఇంకా తగ్గలేదు. ఇద్దరూ నాంపల్లి స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్లో తలదాచుకున్నారు. చక్కెర లేని చాయ్ రెండు వచ్చాయి.

"నాకు బెలూనే మంచిగనిపిస్తుంది," అన్నాడు అంజన్. ఉస్మాన్‌గంజ్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం అతనిది. అన్నిటికీ బేరం ఆడే అలవాటు. "కోత లేదు, కుట్టు లేదు. నోట్లకెళ్లి పంపుతరు, లోపల ఉబ్బిస్తరు, ఆర్నెల్లకు తీసేస్తరు."

"తీసేసినంక?"

"తీసేసినంక... చూద్దాం."

"మళ్ల బరువు వచ్చుడే ఎక్కువంట, డాక్టర్ చెప్పలేదా? నిద్రల ఊపిరి ఆగుతుందన్నరు గదా మీకు. ఆర్నెల్ల కిరాయికి బెలూన్ తెచ్చుకుంటే, ఏడో నెల ఆ ఊపిరి సంగతేంది?"

అంజన్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "మరి మీరు? డాక్టర్ బైపాస్ అంటే మీరు స్లీవ్ అంటున్నరట."

"మా ఆఫీసుల ఒకామె స్లీవ్ చేపిచ్చుకుంది. ముప్పావు వంతు పొట్ట కోసి తీసేస్తరు, పేగుల జోలికి పోరు. సింపుల్."

"తీసింది మళ్ల అతకరు గదా. గామెకు మీ లెక్క షుగర్ ఉండెనా? ఛాతిల మంట ఉండెనా?"

సాయిసుధ చక్కెర లేని చాయ్‌ని చెంచాతో తిప్పింది.

"స్లీవ్ తోని ఆ మంట ఇంకా ఎక్కువైతదని గాయనే చెప్పిండు. బైపాస్‌ల పొట్టను చిన్న సంచి లెక్క చేసి, పేగుకు దగ్గరి దారి కలుపుతరు. షుగర్ మంచిగ దిగుతది, మంట తగ్గుతది. కాకపోతే బతికినన్ని రోజులు విటమిన్ గోళీలు మింగాలె. మిఠాయి ఎక్కువ తింటే చెమటలు, గుండె దడ."

"నా గురించి ఇంత మంచిగ విన్నరు, మీ గురించి వినలేదా?"

"మీ గురించే వినబుద్ధయింది," అనేశాడు అంజన్. అన్నాక చెవులు ఎర్రబడ్డాయి.

సాయిసుధ నవ్వలేదు. కప్పు కేసి చూస్తూ మెల్లగా అంది. "గోళీలకు భయపడతలేను. లోపల కుట్లు లీకైతే? రక్తం గడ్డ కడితే? మా అమ్మకు నేనొక్కదాన్నే. అట్లని ఆగుదామంటే, షుగర్‌తోని కాళ్లకు స్పర్శ పోతుంది. మొన్న కోర్టు మెట్ల మీద చెప్పు జారిపోతే తెల్వలే. ఒంటి చెప్పుతోనే మెట్రో దాకా పోయిన."

అంజన్‌కు ఏదో ఒకటి చేసేయాలనిపించింది. ఆ క్షణంలో అతని దగ్గర ఉన్నది మాట ఒక్కటే.

"నేను బెలూన్ ఇడిసిపెడతా. స్లీవ్ చేపిచ్చుకుంట. మీరు బైపాస్. ఇద్దరం ఒక్కటే రోజు, పక్కపక్క బెడ్లు. భయమైతే నన్ను తిట్టుండ్రి."

"మాటనా?"

"మాటే."

అప్పుడు పడింది మళ్లీ ఆ బుగ్గ గుంట.

పరీక్షలన్నీ అయ్యాయి, తేదీ ఖాయమైంది, 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది. డాక్టర్ రత్నాకర్ ఇద్దరికీ గట్టిగా చెప్పాడు. "పొట్ట మీద లివర్ ఉంటుంది. కొవ్వుతో ఉబ్బి ఉంటే నాకు దారి దొరకదు. అందుకే రెండు వారాలు ప్రోటీన్ పొడి, మజ్జిగ, పప్పుకట్టు. నమిలేది ఏదీ వద్దు."

ఈ ముక్క అంజన్ ఇంట్లో చెప్పాడు. కానీ వాళ్ల అమ్మ పద్మకు వినబడింది వేరే ముక్క.

"ఆపరేషన్ అయినంక నా కొడుకు గుప్పెడు అన్నమే తింటడంట!" అని కళ్లొత్తుకుని, గౌలిగూడలో ఉన్న ఆడబిడ్డకు ఫోన్ చేసింది. వాళ్ల ఇళ్లల్లో పెళ్లికి ముందు పెళ్లికొడుకును చుట్టాలు వంతులవారీగా పిలిచి కడుపునిండా పెట్టి పంపుతారు. ఆపరేషన్‌కూ అదే మర్యాద జరిగింది. మేనత్త ఇంట్లో బగారా అన్నం, మటన్. చిన్నమ్మ ఇంట్లో మేక కాళ్ల పాయా. పైగా బోనాల రోజులు. "ఇగ మళ్ల ఎప్పుడు తింటవ్ బిడ్డా" అని వడ్డిస్తుంటే, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి పళ్లెం ముందు వద్దనడం ఎరగని అంజన్ ఏం చేస్తాడు? తిన్నాడు.

"ఏం తాగినవ్ ఇయ్యాల?" అని సాయిసుధ ఫోన్ చేసేది.

"మజ్జిగ," అనేవాడు, ఎముక పక్కన పెట్టి.

ఆపరేషన్ ముందు రోజు ఇద్దరికీ స్కాన్ తీశారు. సాయిసుధ లివర్ చక్కగా తగ్గింది. అంజన్ బొమ్మ చూసి డాక్టర్ కళ్లజోడు తీసేశాడు.

"తగ్గడం కాదు, పెరిగింది. బరువూ పెరిగింది. ఇంత లివర్‌ను జరపబోతే చిరిగి రక్తం పోతుంది. నేను చెయ్యను. అమ్మాయికి రేపు చేసేద్దాం. నీది తర్వాత."

కారిడార్‌లో సాయిసుధ అరవలేదు. అరిచినా బాగుండేది.

"మజ్జిగ తాగినవా అంజన్?"

"మా అత్త వడ్డించింది. అమ్మ ఏడ్చింది. వద్దంటే వాళ్లు..."

"నేనూ మా అమ్మకు వద్దనే చెప్పిన. ఆమె కూడా ఏడ్చింది. అయినా తినలే. ఎందుకంటే పక్క బెడ్ల నువ్వుంటవనుకున్న." స్కాన్ కవరు బ్యాగులో పెట్టుకుంది. "కోర్టుల అబద్ధాలు మస్తు వింట. ఏదీ గింత నొప్పియ్యలే. రేపు నేనొక్కదాన్నే పోత. నువ్వు రాకు."

ఇంటికి వెళ్లేసరికి పద్మ సంబరంగా ఎదురొచ్చింది. "పోనీలే బిడ్డా, దేవుడే ఆపిండు. కూసో, వడ్డిస్త."

"అమ్మా, వద్దు. నాకు సాయిసుధ అంటే ఇష్టం. నీ మటన్ కంటే ఇష్టం."

పద్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "మటన్ కంటేనా?"

"ఔ."

"గదైతే పెద్ద ముచ్చటనే," అంటూ ఆమె గిన్నె మీద మూత పెట్టేసింది.

మర్నాడు రావద్దన్నా అంజన్ వచ్చాడు. ఆపరేషన్ థియేటర్ బయట సాయిసుధ తల్లి యాదవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన నిలబడ్డాడు. కూతురు లోపలుంటే ఆమెకు ఏమీ మింగుడుపడలేదు గానీ, పొద్దుటి నుంచి కదలని ఈ పిల్లవాణ్ణి చూసి డబ్బా తెరిచింది.

"ఇడ్లీ తిను బిడ్డా. మొహం పీక్కపోయింది."

"వద్దు పెద్దమ్మా. మజ్జిగ మీదున్న."

యాదవ్వ అతన్ని కింది నుంచి పైదాకా చూసింది. "మిర్చి దుకాణం పిల్లగానివి నువ్వేనా?"

అంజన్ తల వంచుకున్నాడు. యాదవ్వ తిట్టలేదు. పక్కన చోటిచ్చింది. అంతా సవ్యంగా జరిగిందని డాక్టర్ వచ్చి చెప్పినప్పుడు, ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఉన్నారు.

సాయంత్రం నర్సు సాయిసుధను లేపి మెల్లగా నడిపించింది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా తొందరగా నడవాలట. నాలుగు అడుగులు వేసి తలెత్తితే ఎదురుగా అంజన్.

"రాకన్న గదా."

"ఔ. అయినా వచ్చిన."

"ఏం తాగినవ్?"

"మజ్జిగ."

"నమ్మాల్నా?"

"నమ్ము బిడ్డా," అంది యాదవ్వ వెనక నుంచి. "ఇడ్లీ పెడితే ముట్టలే. నేను సాక్షి."

అంజన్ ఆమె పక్కన అడుగు కలిపాడు. "సుధా, నువ్వు లోపలుంటే నాకు ఊపిరాడలే. మాట తప్పి నిన్ను ఒక్కదాన్నే పంపిన. ఇగ జిందగీల మాట తప్పను. నువ్వంటే పాణం. నన్ను చేసుకుంటవా?"

ఆమె గోడ పట్టుకుని ఆగింది. కళ్లు తుడుచుకుంది. "ముందు గా లివర్ తగ్గించు. తర్వాత చెప్త."

ఇక్కడొక తమాషా జరిగింది. ఆపరేషన్ అయ్యాక రెండు వారాలు సాయిసుధ తాగాల్సినవీ, ఆపరేషన్ ముందు రెండు వారాలు అంజన్ తాగాల్సినవీ దాదాపు ఒక్కటే. దుకాణం కట్టేయగానే అంజన్ సాయిసుధ వాళ్లింటికి వచ్చేవాడు. ఆమె బుజ్జి కప్పుతో గుక్కగుక్కగా, అతను పెద్ద గ్లాసుతో ఆత్రంగా తాగేవాళ్లు. ఒకరోజు పద్మ స్టీలు క్యారేజీ పట్టుకుని దిగింది. అంజన్ గుండె ఆగినంత పనైంది. మూత తీస్తే పప్పుకట్టు, ఒక్క పలుకు లేకుండా వడగట్టింది.

ఈసారి స్కాన్ రోజు అందరూ వెళ్లారు. "దారి దొరికింది," అన్నాడు డాక్టర్ రత్నాకర్ నవ్వుతూ. "ఎల్లుండి చేసేద్దాం."

అంజన్ సాయిసుధ వైపు చూశాడు. ఆమె జవాబు చెప్పేలోపే పద్మకు కొత్త బెంగ పట్టుకుంది. "అంతా మంచిదే. గని పెండ్లిపిల్ల, పెండ్లిపిల్లగాడు ఇద్దరూ తినకుంటే అదేం పెండ్లి?"

"వాళ్లకు చిన్న గిన్నెల ఇంత పెడదాం," అంది యాదవ్వ. "మిగిలింది ఊరు తింటది. మీరు పరేషాన్ కాకుండ్రి వదినా."

వదినా అన్న ఆ పిలుపుకు పద్మ యాదవ్వ చెయ్యి పట్టుకుంది.

"మా అమ్మ చెప్పేసింది," అంది సాయిసుధ అంజన్‌తో. "నేను వేరే చెప్పాల్నా?"

"చెప్పాలె," అన్నాడు అంజన్. "నాకు వినబుద్ధయితుంది."

"ఔ," అంది సాయిసుధ.