స్తంభం వెనక సీటు

పోయింది పెన్ డ్రైవ్. బొటనవేలంత.

యాంగోన్‌లో జపాన్ సినిమా పండగకి అది ఆఖరి రోజు. మ్యాట్నీ నడుస్తుండగా నాలుగూ ఇరవైకి కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోగా సౌండ్ డెస్క్ మీది పెన్ డ్రైవ్ మాయం. ఆరింటికి చివరి ఆట. బయట పిల్లలు అప్పుడే వరస కట్టేశారు.

ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ సత్యశ్రీకి కబురెళ్ళింది. ఆ ఊళ్ళోనే చిమిండైంగ్ పేటలో పుట్టిన తెలుగు పిల్ల.

"అందులో ఏముంది?"

"పిల్లల బొమ్మల సినిమాకి బర్మీస్ డబ్బింగ్," అంది పండగ నిర్వాహకురాలు తిన్ తిన్. "బొమ్మ జపాన్ నుంచి హార్డ్ డిస్క్‌లో వచ్చింది. మాటలు మేం ఇక్కడ రికార్డు చేశాం. ఉన్నది ఆ ఒక్క కాపీయే."

"హార్డ్ డిస్క్?"

"పక్కనే ఉంది. ముట్టుకోలేదు."

"పైరసీవాడు బొమ్మ వదిలేసి మాటలెందుకు పట్టుకుపోతాడు?"

"అదే అర్థం కావడం లేదు. ఈ రాత్రికి ఎలాగూ ఆ డబ్బింగ్ చెరిపేయాలి. హక్కులవాళ్ళ షరతు. మైకులో రోజూ చెప్తూనే ఉన్నాను, మళ్ళీ ఎక్కడా వినలేరని."

ఆపరేటర్ ఆంగ్ ఆంగ్ చేతులు నలుపుకుంటున్నాడు.

"నేను జనరేటర్ దగ్గరికి పరిగెత్తానక్కా. నన్ను అనుమానించకు."

"డెస్క్ పక్కన ఎవరున్నారు?"

"స్తంభం వెనక ముసలాయన. రోజూ అదే సీటు. తెర కనపడదు, ముందుకి రా తాతా అంటే వినడు. హాలు సగం ఖాళీ! పైగా సినిమాతో మాట్లాడతాడు. మీ తెలుగులోనే."

"ఎప్పుడు?"

"బొమ్మలో ముసలి నక్క మాట్లాడినప్పుడు. పిచ్చోడు."

సత్యశ్రీ తిన్ తిన్ వైపు తిరిగింది. "నక్క గొంతు ఎవరిది?"

తిన్ తిన్ తల దించుకుంది.

"ఫ్యూ ఫ్యూ. లైంగ్‌థార్యార్ పేటలో బట్టల ఫ్యాక్టరీ పిల్ల. ఆదివారాలు వచ్చి చెప్పేది. స్క్రిప్టులో లేని తెలుగు ముక్కొకటి కలిపితే, బాగుందని ఉంచేశాం. తర్వాత నెలలోనే ఫ్యాక్టరీ తగలబడింది. గేటుకి బయట తాళం."

ఆ తాళం ఎవడు వేయించాడో లైంగ్‌థార్యార్ అంతటికీ తెలుసు. వాడు హాయిగా తిరుగుతున్నాడు.

ఆరవుతోంది. సత్యశ్రీ ఇద్దర్నీ వెంటబెట్టుకుని హాల్లోకి నడిచింది. ముసలాయన మ్యాట్నీ అయ్యాక కూడా కదలకుండా స్తంభం వెనకే కూర్చుని ఉన్నాడు. పేరు బంగారయ్య. సత్యశ్రీ సమోసా పొట్లం చాపింది.

"తిను బాబాయ్."

"వొద్దమ్మా. పొద్దుట్నుంచి ఏటీ దిగనేదు."

"ఫ్యూ ఫ్యూకి ఇంట్లో పేరేటి, బాబాయ్?"

ఆయన చెయ్యి లుంగీ మొలమడత మీదికి పోయింది.

"దుర్గ."

కాగితాల్లో బర్మీస్ పేరు, ఇంట్లో తెలుగు పేరు. ఇక్కడి తెలుగువాళ్ళకి మామూలే.

"ఈయన సినిమా చూడ్డానికి రాలేదు," అంది సత్యశ్రీ బర్మీస్‌లో. "తెర కనపడితే ఆ గొంతు నక్కదైపోతుంది. స్తంభం అడ్డముంటే కూతురిది. అందుకే ఆ సీటు. అందుకే బొమ్మ జోలికి పోలేదు. చీకట్లో డెస్క్ ఈయన చేతికే అందుతుంది."

బంగారయ్య పెన్ డ్రైవ్ తీశాడు. చెమటకి తడిసి ఉంది.

"పోటోలు గోడంతా ఉన్నాయమ్మా. మాటేదీ? దాని పోనూ దాంతోనే కాలిపోనాది."

"దీన్ని ఎందులో పెట్టి వింటావు?"

"నాకేటి తెలుసు. కూడా ఉంటే సాలనుకున్నాను." తలెత్తాడు. "నా పిల్ల పోయిన్నాడు ఒక్క ఆపీసరూ రానేదు. ఈ ముక్క పోతే గంటలో నువ్వొచ్చినావు."



బయట పిల్లలు తలుపు బాదుతున్నారు. ఆయన పెన్ డ్రైవ్ ఆంగ్ ఆంగ్ చేతిలో పెట్టాడు.

"ఎయ్యి బాబూ. పిల్లలు కాసుకున్నారు."

దీపాలారాయి. సత్యశ్రీ పక్క సీట్లో కూర్చుని, ఫోన్లో రికార్డింగ్ నొక్కి, ఒళ్ళో పెట్టుకుంది. తిన్ తిన్ చూసింది. చూసి, మొహం తెరవైపు తిప్పేసుకుంది.

అరగంటకి ముసలి నక్క వచ్చింది. వణుకు గొంతుతో, బర్మీస్ మధ్యలో, ఉన్నట్టుండి అడిగింది:

"బువ్వ తిన్నావేటి?"

పిల్లలు అర్థంకాక పకపకా నవ్వారు.

స్తంభం వెనక బంగారయ్య కళ్ళు మూసుకున్నాడు.

"తిన్నానమ్మా."