ముంత విడిచిన బావి

చైతన్యపురికి అవతల పొలాలన్నీ ప్లాట్లయిపోతున్న రోజుల్లో, లచ్చయ్య తాతలనాటి మోటబావి ఒక్కటి పూడ్చకుండా మిగిలిపోయింది. చుట్టూ హద్దురాళ్లు, సగం లేచిన గోడలు. చీకటి పడ్డాక అటు పోయినవాణ్ణి ఆ బావి పేరుపెట్టి పిలుస్తుందని చెప్పుకునేవారు.

ఊరికే అనలేదు మరి. ఆ ఏడాది అందులో పడి ముగ్గురు పోయారు. పోయేముందు ముగ్గురిదీ ఒకటే మాట — "పిలుస్తున్నరు..." అని. తాపీమేస్త్రీలు పొద్దుగూకకముందే పని వదిలేసి పోయేవారు. పూడ్చడానికి మట్టి తెమ్మంటే లారీవాడు చేతులెత్తేశాడు.

ఇదంతా లచ్చయ్య పెళ్లాం ఐలమ్మకు తెలుసు. తెలిసీ మొగుణ్ణి అక్కడికే తీసుకుపోయింది, పట్టపగలే అనుకోండి. కల్లు మానదలచుకున్నవాళ్లు ఆఖరి ముంతను ఆ బావిలో విడిచి, గంగమ్మ మీద ఒట్టు వేయాలి. అక్కడి ఆనవాయితీ అది. భూమి అమ్మిన నాటి నుంచి లచ్చయ్య తెల్లారి లేస్తే కల్లు కాంపౌండులోనే. భూమి ఎలాగూ పోయింది, మనిషన్నా మిగలాలని ఆమె ఏడుపు. ఆలుమగలిద్దరూ ఒకే ముంతను పట్టుకుని నీళ్లలో విడిచారు.

మూడో రాత్రి...

లచ్చయ్యకు ఒళ్లంతా చెమట. కంటిమీద కునుకు లేదు. చేతులు వణుకుతున్నాయి. ఉన్నట్టుండి లేచి కూర్చున్నాడు.

"మా నాయిన ఒచ్చిండు..."

"ఎవ్వరు లేరు. పండుకో."

"బావికాడ నిలబడ్డడు. నిండ తడిసిండు. మోట కొట్ట రమ్మంటుండు."

లచ్చయ్య తండ్రి పోయి పదేళ్లు. ఐలమ్మ తన కొంగు అతని పంచెకు ముడేసి, చేయి పట్టుకుని కూర్చుంది. మూడు రాత్రులుగా ఆమెకూ నిద్ర లేదు. ఎప్పుడు కన్నంటుకుందో — కళ్లు తెరిచేసరికి కొంగు ముడి విప్పి ఉంది. పక్కన మనిషి లేడు.

పరుగెత్తింది. హద్దురాళ్లు తగిలి కాళ్లు చిట్లినా ఆగలేదు.

లచ్చయ్య బావి ఒడ్డునే ఉన్నాడు. ఒక కాలు రాతి మీద... ఒక కాలు గాల్లో.

"ఒస్తున్న నాయినా..."

వెనక నుంచి నడుం పట్టేసింది. అతను విదిలించాడు. ఆమె విడవలేదు.

"నన్ను సంపి పో," అంది.

ఇద్దరూ వెనక్కి పడ్డారు. ఆమె కేకకు దగ్గర్లోని కొత్త ఇంట్లోంచి టార్చిలైటు వచ్చింది. గుంటూరు నుంచి వచ్చి ఇల్లు కట్టుకున్న డాక్టరు వెంకట్రావుది ఆ ఇల్లు. పట్టి తీసుకుపోయి సూది వేస్తే, కాసేపటికి లచ్చయ్య వరండాలో బల్ల మీద నిద్రపోయాడు.

"కల్లు మానేసి ఎన్నాళ్లైందమ్మా?"

ఐలమ్మ ఉలిక్కిపడింది. "మూడు దినాలు. మీకెట్ల తెలుసు?"

"అది ఉత్త కల్లు కాదు. మత్తెక్కడానికి నిద్రమందు కలుపుతున్నారు. ఏళ్ల తరబడి తాగి ఒక్కసారిగా మానేస్తే మెదడు తట్టుకోలేదు. లేని మనుషులు కనబడతారు, లేని మాటలు వినబడతాయి. మందులిస్తూ మెల్లగా మాన్పించాలి."

ఐలమ్మ బావి వైపు చూసింది. పోయిన ఆ ముగ్గురూ... ముగ్గురూ అక్కడే ముంత విడిచారు. ఒట్టేసిన మూడో నాడో, నాలుగో నాడో పోయారు. బావి ఎవర్నీ పిలవలేదు. బాగుపడాలని పెళ్లాలే చేయి పట్టుకుని తీసుకుపోయి ఒట్టేయించారు, తనలాగే. ఆ ముగ్గురు ఆడవాళ్లకు రేపు ఏమని చెప్పాలి?

"భయం లేదు, బతికాడు. పొద్దున్నే పెద్దాసుపత్రికి తీసుకెళదాం," అన్నాడు డాక్టరు. టార్చి ఆర్పబోతూ ఆగాడు. "ఆయనతోపాటు ఇంకెవరైనా మానేశారా?"

ఐలమ్మ వణుకుతున్న చేతుల్ని కొంగులో దాచుకుంది.

"దినాం ఇటుకలు మోసొచ్చి రాత్రికి ఒక సీస తాగేదాన్ని, సారూ. ఒక్కన్ని ఎట్ల మానుత అన్నడు. ఆయనతోటి నేను గూడ ఇడిసిన..."

డాక్టరు ఏదో అంటున్నాడు. ఆ మాటల వెనక, బావి వైపు నుంచి, సన్నగా... చిన్నప్పుడు పోయిన తల్లి గొంతు. అది లేదని ఐలమ్మకు తెలుసు. ఎందుకు వినబడుతోందో కూడా ఇప్పుడు తెలుసు. అయినా కాళ్లు అటే తిరుగుతున్నాయి.

"సారూ," అంది మెల్లగా. "నన్ను గూడ కట్టెయ్యుండ్రి. మా అమ్మ పిలుస్తున్నది."