ఎనిమిదో నెలలో పరుగు

"గేటు దాటావంటే కాళ్లు విరగ్గొడతాను!"

భర్త అరుపుకి ఆమె చేయి తలుపు గడియ మీదే ఆగిపోయింది. బడిలో పిల్లలకు ఆటలు నేర్పే ఆమెను వీధంతా 'పరుగుల టీచరు' అనే పిలిచేది. పెళ్లికి ముందు నుంచీ పొద్దున్నే నాలుగు వీధులు పరుగెత్తి వస్తే గానీ ఆమెకు తెల్లవారినట్టే ఉండేది కాదు. ఇప్పుడు ఎనిమిదో నెల. "అలవాటైన ఒళ్లమ్మా, మాట్లాడుతూ పరుగెత్తగలిగినంత మెల్లగా పరుగెత్తు. నొప్పి అనిపిస్తే ఆపెయ్" అంది డాక్టరమ్మ. ఆ మాట భర్తకు ఎన్నిసార్లు చెప్పిందో! వెల్డింగు షాపులో పగలంతా ఇనుముతో వేగే ఆ మనిషి చెవికి ఎక్కితేగా!

"రెండు వీధులేనండీ... ఇప్పుడే వచ్చేస్తాను..."

"మా అక్కకి ఏమైందో తెలీదూ? ఎనిమిదో నెల్లోనే గబగబా మెట్లు దిగి, జారిపడి, పండంటి బిడ్డని పోగొట్టుకుంది! నువ్వూ నా బిడ్డని చంపుతావా?"

ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ వింటున్న కథే అది. పాపం, భయం కొద్దీ అరుస్తున్నాడులే అని ఇన్నాళ్లూ సర్దుకుపోయింది. పోయిన వారం చెంప వాచినప్పుడు బళ్లో తలుపు తగిలిందని చెప్పుకుంది... కానీ ఇవాళ ఆమె మనసు ఎదురు తిరిగింది.

"మోస్తున్నది నేను కదండీ... నా మాట కూడా నమ్మరా?" అంటూ గడియ తీసింది.

అంతే! జుట్టు పట్టి ఒక్క గుంజు గుంజాడు. తల గుమ్మానికి కొట్టుకుని, నుదుటి రక్తం కనురెప్ప మీదుగా కారింది. ఆమె రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుని గోడవారగా ముడుచుకుపోయింది. "కొట్టకండి... పొట్ట మీద మాత్రం కొట్టకండి!" అతను నడుము నుంచి బెల్టు లాగాడు.

ఆ దెబ్బ ఆమెకు తగల్లేదు!

కుట్టుమిషను ముందు నుంచి ఒక్క ఉదుటున లేచి వచ్చిన అత్తగారు అడ్డం పడింది. బెల్టు బకిలు ఆవిడ మోచేతిని చీల్చేసింది. "కడుపుతో ఆ గంతులేమిటే" అని రోజూ సాధించే అత్తగారేనా ఈవిడ!

"అడ్డు తప్పుకోమ్మా! ఇది మొగుడూ పెళ్లాల గొడవ."

"గొడవా ఇది? గొడవంటార్రా దీన్ని?"

గుడ్డలు కొలిచే చెక్క బద్ద అందుకుని కొడుకు భుజాల మీద, వీపు మీద ఎడాపెడా బాదింది. అది రెండు ముక్కలయ్యేదాకా ఆగలేదు. తర్వాత ఆయాసపడుతూ ఏడ్చింది.

"మీ అక్క జారిపడలేదురా... మీ బావ తన్నాడు! కడుపు మీద తన్నాడు! అప్పుడు నువ్వు పదో తరగతి. పరువు పోతుందని నేనే దాని నోరు మూయించి, మెట్ల మీద పడిందని అందరికీ చెప్పాను. ఏడుస్తున్న పిల్లని మళ్లీ ఆ ఇంటికే తోలాను! నా మనవణ్ని చంపింది మెట్లు కాదురా... మొగుడు! ఇవాళ నువ్వూ వాడిలాగే అయ్యావు!"

అతని చేతిలోని బెల్టు జారిపోయింది. "అక్క నాతో ఒక్కసారి కూడా..."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను."

అతను కూలబడి భార్య కాళ్లు పట్టుకోబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"ఇన్నాళ్లూ మీ భయాన్ని చూసి జాలిపడ్డానండీ. ఇప్పుడు నాకు మీరంటేనే భయం."

అత్తగారు తెగిన మోచేతికి కొంగు చుట్టుకుంది. "షాపులోనే పడుకో ఇకనుంచి. ఇది పిలిచేదాకా ఈ గడప తొక్కావో, పోలీసుల దగ్గరికి నేనే వెళ్తాను!"

ఆస్పత్రిలో ఆమె నుదుటికి మూడు కుట్లు పడ్డాయి. బిడ్డ గుండె చప్పుడు టకటకా వినిపించగానే అత్తాకోడళ్లిద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చారు. అక్కడి నుంచి ఇంటికి వెళ్లలేదు. తిన్నగా అత్తగారి కూతురి ఇంటికి వెళ్లారు.

తలుపు తీసిన కూతురి మెడ మీద వేళ్ల అచ్చులు నల్లగా కమిలి ఉన్నాయి.

"నా తప్పేనే తల్లీ... రా, మనింటికి పోదాం."

"ఇన్నేళ్లకా అమ్మా..." ఆ గొంతులో ఏడుపు కూడా మిగల్లేదు. తమ్ముడి భార్య నుదుటి మీది కట్టు కేసి చూసింది. "వాడేనా?"

"అవును వదినా."

లోపలి నుంచి "ఎవరే అక్కడ?" అని మగగొంతు గద్దించింది. కూతురు తడి చేతులు చీరకు తుడుచుకుని, కట్టుబట్టలతో బయటికి వచ్చేసింది.

నెల తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. కబురు విని వచ్చిన వెల్డరు ఆస్పత్రి వరండాలోనే నిలబడిపోయాడు. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, అతనూ అడగలేదు. చాలాసేపటికి అక్క బిడ్డను గుండెకు హత్తుకుని బయటికి వచ్చింది. అతను చేతులు చాచాడు.

"చేతికివ్వద్దంది మీ ఆవిడ. చూపించి రమ్మంది... అంతే" అంది అక్క. "ఇంకొంచెం దగ్గరికి రా. చూడు."

అతను చేతులు వెనక్కి కట్టుకుని, వంగి చూస్తూ, చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు.