జోడుగెడ్డ మలుపులో గిటారు

చింతపల్లి ఘాట్‌లో జోడుగెడ్డ మలుపు దగ్గర ఒక పాడుబడ్డ షెడ్డుంది. కాఫీ పళ్ళ తొక్కు తీసే మిషను ఒకప్పుడు అందులో ఆడేది. మిషను పోయింది, రేకులు తుప్పుపట్టాయి. పొద్దుగూకాక ఆ మలుపులో ఏ జీపూ ఆగదు. ఆగితే గిటారు వినబడుతుంది... విన్నవాడికి వారం జ్వరం ఖాయమని డ్రైవర్లు ఒట్టేసి చెబుతారు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. ఇది మాత్రం సైలస్ తన నోటితో చెప్పుకున్న సంగతి.

సైలస్ ఆ కొండల్లోనే పుట్టాడు. మిషనరీల చర్చిలో గొంతు విప్పాడు. కొండపాటల్ని గిటారు మీద, డ్రమ్ముల మీద వాయించి, విశాఖపట్నంలో క్యాసెట్లు చేసి పేరు తెచ్చుకున్నాడు. 2004 డిసెంబరులో టీవీ వాళ్ళు వచ్చి, ఇన్నేళ్ళూ వాయించిన గిటార్లన్నీ వరసగా పెట్టండి, షూటింగు చేస్తామన్నారు.

మూడున్నాయి. సెకండ్‌హ్యాండుది, కరెంటుది, మొన్న కొన్న నల్లది. మొదటిది లేదు. అది జోడుగెడ్డ వడ్రంగి గాసి చేసింది. పనస చెక్క, సైకిలు బ్రేకు వైరు విప్పి తీసిన పోగులే తీగలు. ఐదో మెట్టు రవ్వంత పక్కకు పడింది. అక్కడ వేలు పెడితే స్వరం ఏడ్చినట్టు వచ్చేది.

పట్నంలో ఆ గిటారు చూసి నవ్వారు. నవ్వినవాళ్ళ ముందే సైలస్ దాన్ని, తనకు తోడొచ్చిన గాసి చేతిలో పెట్టి, ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. అంతటితో పోయినా బావుండును. తర్వాత ఒక స్టేజీ మీద ఆ గిటారేమైందని ఎవరో అడిగితే, చేసినవాడు మలేరియాతో పోయాడని, దాన్నీ వాడితోనే పూడ్చారని నోటికొచ్చింది చెప్పేశాడు. హాలంతా గప్‌చిప్... ఆ వెంటనే చప్పట్లు. ఇంకేం? ప్రతి స్టేజీ మీదా అదే కథ. రేడియోలో కూడా.

అందుకే మళ్ళీ ఆ ఊరి ఛాయలకు పోలేదు. ఇప్పుడు గిటారు కావాలి కాబట్టి బయల్దేరాడు. గాసి కాళ్ళ మీద పడి క్షమించమని అడగాలని కూడా అనుకున్నాడట. ముందు ఏది అనుకున్నాడో దేవుడికే తెలియాలి.

జీపు డ్రైవరు పోలయ్య మలుపుకి ఫర్లాంగు ముందే దింపేశాడు. ఎందుకని అడిగితే గొంతు తగ్గించాడు.

"ఆ మలుపులో గాసి దెయ్యముంది బాబూ... ఆరేళ్ళయింది సచ్చి. బేగి దాటిపో."

సైలస్‌కి మొదట తోచింది ఒకటే — గాసి నిజంగానే పోయాడా! ఆ వెనకే ఇంకొకటి తోచింది — హమ్మయ్య, ఇక నాది అబద్ధం కాదు. ఆ హమ్మయ్య గుర్తొస్తే ఇప్పటికీ అన్నం సయించదని చెప్పాడు.

జీపు వెళ్ళిపోయింది. చలి. పొగమంచు. ఊరికి కాలిబాట షెడ్డు పక్కనుంచే. ప్రభువా, ప్రభువా అనుకుంటూ నడిచాడు.

టింగ్...

ఆగాడు. మళ్ళీ...

నాలుగు స్వరాలు. తను కట్టిన మొట్టమొదటి పాట. ఏ క్యాసెట్లోనూ లేదు, గాసికి తప్ప ఎవరికీ రాదు. ఐదో మెట్టు దగ్గర... స్వరం ఏడ్చింది.

పరిగెత్తాలి. కాళ్ళేమో షెడ్డు వైపే లాక్కెళ్ళాయి. రేకు సందులో కన్ను పెట్టాడు. లోపల నెగడు. పొగకి దగ్గొచ్చింది, నోరు మూసుకున్నాడు. నెగడు పక్కన ఎముకల గూడు... జుట్టు భుజాల దాకా... ఒళ్ళో పనస చెక్క గిటారు.

ఆ ఆకారం తలెత్తకుండానే అంది —

"వచ్చినావా సైలసూ... నీ దగ్గు నాకు తెల్దేటి?"

అని, నెగడు మీద పొంగుతున్న టీ గిన్నె దించబోయి, వేళ్ళు కాలి, చెవి పట్టుకుంది. వేళ్ళు కాలే దెయ్యాన్ని ఎవరు చూశారు? గాసి బతికే ఉన్నాడు.

అప్పుడు మెల్లగా చెప్పాడు గాసి. తను రోడ్డు పనికి ఒరిస్సా పోయి ఉండగా, ఊళ్ళో టీకొట్టు రేడియోలో సైలస్ గొంతు వినబడింది. గాసి పోయాడంది. మన సైలస్ అబద్ధమెందుకు చెబుతాడు? ఏడ్చారు, దినం చేశారు, పేరు మీద రాయి పాతారు. ఆ ఊరి కట్టుబాటేమిటంటే, రాయి పాతాక తిరిగొచ్చింది మనిషి కాదు. గడప తొక్కనిస్తే ఇంట్లో ఇంకొకరు పోతారు. ఆర్నెల్లకి గాసి వస్తే పొలిమేరలోనే బూడిద చల్లి తరిమారు. ఆ కేకలు విని పెళ్ళాం గంగ ఇంటి తలుపేసుకుంది. దూరం పోవడానికి మనసొప్పక, ఇంటి దీపం కనబడే ఈ షెడ్డులో ఉండిపోయాడు. పగలు అవతలి కొండకి కూలికి పోతాడు.

"నా దగ్గరికి రావలసిందిరా..." అన్నాడు సైలస్.

"వద్దామనే అనుకున్నా. మళ్ళీ నవ్వుతారు... నీకు నామర్దా అని."

సైలస్‌కి సిగ్గుతో చచ్చినంత పనైంది. వచ్చిన పని నోట రాలేదు. గాసి అడిగింది ఒక్కటే. తెల్లారాక ఊళ్ళోకి పోయి, గాసి చావలేదని చెప్పమన్నాడు. రేడియోలో నువ్వు చెప్తే నమ్మారు, ఇదీ నమ్ముతారన్నాడు.

తెల్లారింది. గంగ సైలస్‌ని చూస్తూనే గుర్తుపట్టింది. అరుగు మీద చాప వేసి, గిన్నె నిండా అంబలి తెచ్చి చేతికిచ్చింది. నీ పుణ్యాన ఆయన పేరు పది ఊళ్ళు విన్నాయన్నా, అని కళ్ళొత్తుకుంది. జనం మూగారు. పిల్లల్ని ముందుకు తోసి చూపిస్తున్నారు. అప్పుడు సైలస్‌కి ఇంకో ఆలోచన తట్టింది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? అంబలి తాగి, దండం పెట్టి, జీపెక్కడమే.

గిన్నె నోటిదాకా పోయింది... ఆగింది.

"గాసి సావలేదమ్మా. పైన షెడ్డులో ఉన్నాడు. రేడియోలో సెప్పినప్పుడే నాకు తెలుసు... అబద్ధమని."

 గంగ తిట్టలేదు, తిట్టినా బావుండేది. దగ్గరికొచ్చి, అతని చేతిలోంచి అంబలి గిన్నె తీసేసుకుంది. దాని మీద కొంగు కప్పి, చెప్పులైనా వేసుకోకుండా షెడ్డు దారి పట్టింది.