గాజు గదిలో అడిగిన మాట

కొల్హార్‌లో కొత్తగా పెట్టిన బయోటెక్ కంపెనీని పక్కనే ఉన్న బీదర్ జనం పురుగుల ఫ్యాక్టరీ అనేవాళ్ళు. కంది విత్తనాలకు పట్టించే మేలు చేసే సూక్ష్మజీవులను అక్కడ సీసాల్లో పెంచి, పొడిలో కలిపి, ప్యాకెట్లుగా గాంధీ గంజ్ దుకాణాలకు పంపేవాళ్ళు. రాష్ట్రానికి కర్ణాటక అని పేరొచ్చి అప్పటికి పదేళ్ళు కూడా కాలేదు.

రాహేలు పనిలో చేరిన మొదటి రోజే, తనకు పని నేర్పే సీనియరు గిద్యోను చేత చీవాట్లు తిన్నది. పాపం, చేసిన నేరం ల్యాబులోని గాజు గదిలోకి వస్తూ నమస్తే చెప్పడం. సీసాల మూతలు తీసి ఉన్నప్పుడు నోరు తెరిస్తే బూజు పడుతుందనీ, ఇక్కడ దేవుడు కనబడినా పలకరించకూడదనీ బయటికి పిలిచి మరీ దులిపేశాడు. ఆమె బుద్ధిగా తల ఊపింది. కాస్త మెత్తగా చెప్పాల్సిందని అతనికి ఆ రోజంతా మనసు పీకింది.

ఇక చూడండి అవస్థ. పొద్దంతా పక్కపక్కనే పని, ఒక్క మాట లేదు. ముక్కుకు కట్టుకున్న గుడ్డపైన ఆమె కళ్ళు మాత్రమే కనబడేవి. బయటికి రాగానే గుడ్డ విప్పి నేరుగా ప్యాకింగులో ఉండే ఫిలిప్పు దగ్గరికి పోయేది. ఫిలిప్పు మాటకారి. మన్నాఏఖేళ్ళి బజారు కబుర్లు ఏం చెప్పేవాడో, ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. అద్దంలోంచి చూస్తుంటే గిద్యోనుకు ఒళ్ళు మండిపోయేది. వాన పడితే మరీ అన్యాయం. ఒకే గొడుగు కింద ఇద్దరూ గేటుదాకా నడిచేవాళ్ళు. తన గొడుగు చంకలో పెట్టుకుని ఇతను తడుస్తూ పోయేవాడు.

ఒకరోజు ఫిలిప్పు ఇచ్చిన జామకాయ తిని, ఇంకా నవ్వు ఆరని కళ్ళతో ఆమె పనిలో కూర్చుంది. సీసాల మూతలన్నీ తీసి ఉన్నాయి. గిద్యోను ఆగలేకపోయాడు.

"ఫిలిప్పు నీకేమైతడు?"

ఆమె బిత్తరపోయి సీసాల వైపు చూపించింది.

వారం తిరగకముందే సీసాలన్నిట్లో బూజు తేలింది. మేనేజరు దేవప్ప అందరినీ పిలిచాడు. కొత్తపిల్లే వాగి ఉంటుందనీ, ఇంకా ట్రైనింగులోనే ఉంది కాబట్టి రేపటినుంచి రావద్దనీ అన్నాడు. రాహేలు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గిద్యోను పేరు చెప్పలేదు.

"ఆమె గాదు సార్, మాట్లాడింది నేను," అన్నాడు గిద్యోను.

అంత కొంపలు మునిగే మాటేమిటని దేవప్ప అడిగాడు. గుమ్మంలో ఫిలిప్పు నిలబడే ఉన్నాడు. గిద్యోను చెవులు ఎర్రబడ్డాయి.

"ఫిలిప్పుతోని నవ్వుతాందని కుళ్ళుకున్న సార్. వాడు నీకేమైతడని అడిగిన. ఆమె నోరే తెరవలే."

ఎవరో కిసుక్కుమన్నారు. దేవప్పకు కూడా నవ్వొచ్చినట్టుంది, గట్టిగా దగ్గాడు. రాహేలు ఉద్యోగం నిలిచింది. గిద్యోనుకు మాత్రం శనివారమంతా ఉండి సీసాలన్నీ మళ్ళీ తయారుచేయమని శిక్ష పడింది.

సాయంత్రం వాన. వరండాలో ఆమె అతని పక్కకు వచ్చి నిలబడింది.

"ఆ దినం అడిగినవ్ గదా, ఇప్పుడు చెప్త. ఫిలిప్పు ఇప్పటికైతే ఏం గాడు. ఆదివారం చర్చి అయినంక వాళ్ళమ్మ సంబంధం అడగనీకి మా ఇంటికి వస్తాంది."

గిద్యోను వాన వైపు చూస్తూ, మరి నువ్వేమంటవని మెల్లగా అడిగాడు.

"నేనేమంట? ఇంకెవరన్న అడిగేదుంటే శనివారమే రమ్మంట."

"శనివారం నాకు డ్యూటీ ఉంది గదా."

"నిన్నెవరు రమ్మన్నరు?" అన్నది రాహేలు. "మీ అమ్మను పంపు."