ఎర్రదారం కట్టిన కాయలు

1958 సెప్టెంబరు. జమ్మలమడుగులోని ఆ ఇంట్లో ఆ రోజు నలుగురున్నారు. అలసంద రకాలను సంకరం చేసే నరసింహయ్య. ఆయన భార్య లక్ష్మీదేవమ్మ. మద్రాసు పత్రిక తరఫున ఇంటర్వ్యూకని వచ్చిన సెంటు వాసనల శకుంతల. పెరట్లో గాజుల బుట్ట దించుకుని కూర్చున్న ఏజెంట్ ఖమ్రున్నీసా.

ఈ వేషంలో ఆమెకిది తొమ్మిదో రోజు. అరికాళ్లు బొబ్బలెక్కాయి.

ఈ వేషం వేయక ముందు ప్రొద్దుటూరులో, బట్టల కొట్టు వెనక గదిలో, చీఫ్ యూనుస్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"శకుంతల మన డిపార్ట్‌మెంటే కదా సార్?"

"విదేశీ ముఠాకూ పని చేస్తాండాది. గింజ అలసందకూ, కూర అలసందకూ సంకరం కుదిరిన కాయలు అయిదే ఉండాయి. మూడేండ్ల కష్టం. అవి పోతే పులివెందుల రైతులకు ఇచ్చే విత్తనం లేదు."

"ఆమెను అరెస్టు చేస్తే పోదా?"

"ఇంకొకర్ని పంపుతారు. కాయలు దొరికినాయని నమ్మి పోవల్ల."

"నా సెలవు సార్?"

"ముందు ఇది కానీ."

సంకరం చేసిన ప్రతి పూవు కాడకూ నరసింహయ్య ఎర్రదారం కడతాడు. ఆ సంగతి శకుంతలకు తెలుసు. లోపల ఆమె కాఫీ తాగుతుండగా ఖమ్రున్నీసా ఆ దారాలు విప్పి, మామూలు కాయలకు కట్టింది. బుట్ట అడుగున రహస్య అరలోంచి ఆకుపచ్చ దారం తీసి అసలు కాయలకు చుట్టింది. నాలుగయ్యాయి. అయిదో ముడి పడలేదు. గుమ్మంలో సెంటు వాసన. చివరి క్షణంలో పళ్లతో లాగి బిగించింది.

"గాజులు సూస్తావామ్మా?"

"నాకు వాచీ ఉంది," అంది శకుంతల.

ఆమె కెమెరాలో ఫిల్ము లేదు, చిన్న కత్తెర ఉంది. ఎర్రదారం కాయలు అయిదూ కెమెరాలోకి వెళ్లాయి. కెమెరా ముద్దనూరు స్టేషనుకు బస్సెక్కింది.

నరసింహయ్య పెరట్లోకి వచ్చాడు.

"ఎర్రగాజులు పోయినాయప్పా. పచ్చవి అయిదూ ఉండాయి." ఆయనతో ముందే అనుకున్న కోడ్ అది.

ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఆకులు తప్పించి చూశాడు. పచ్చదారాలు అయిదూ వేలితో తాకి లెక్కపెట్టాడు.

"కొంచెం నీళ్లిస్తారా?" అంది ఖమ్రున్నీసా.

లక్ష్మీదేవమ్మ చెంబుతో కాక చీపురుతో వచ్చింది. "ఇందాక కాఫీ పోస్తా కిటికీలోంచి సూసినా. గాజుల పేరు సెప్పి కూరకు కాయలు కోస్తాండావా? ఆ సెట్లను ఈయన నన్నే ముట్టనీడు."

"నేను కోయలేదమ్మా."

"మరి ఏళ్లు యాడ పెట్టినావు? లెయ్."

నరసింహయ్య నేల చూపులు చూశాడు. రహస్యం కాపాడటంలో ఆయనకు ఏ శిక్షణా అవసరం లేకపోయింది. లక్ష్మీదేవమ్మ బుట్టను బయటికి జరిపి, ఖమ్రున్నీసా మొహం మీదే పెరటి తలుపు మూసి గడియ పెట్టింది.