పరుగుకు ముందు ఇరవై నిమిషాలు

పొద్దున్నే స్పాస్ రొట్టె కోసం వెళ్లాడు. కొట్టు నడిపే పేనా రొట్టెను కాగితంలో చుడుతూ, మీ అమ్మాయి రోజూ ఆరు కాకుండానే ఇటుగా పరిగెత్తుకుంటూ పోతుందని మెచ్చుకుంది. మా జోర్నిత్స ఏడింటికి నేను తలుపు తడితే గానీ లేవదని నవ్వాడాయన. పేనా నవ్వలేదు.

"రెండేళ్లుగా చూస్తున్నాను స్పాస్. మంచులో కూడా ఆగదు."

ఇంటికొచ్చి కూతురి బూట్లు ముట్టుకున్నాడు. బయట తడి, లోపల ఇంకా వెచ్చగా ఉన్నాయి.

భార్య పోయాక స్పాస్‌కి కూతురి పరుగే లోకం. ఒకప్పుడు స్మోల్యన్ ఊరి జట్టులో పరిగెత్తినవాడు. ముందు ఇరవై నిమిషాలు కండరాలు సాగదియ్యాలి, ఆ తర్వాతే రోడ్డెక్కాలి అని ఆయన గురువు నేర్పాడు. అందుకే రోజూ ఏడింటికి వంటింట్లో ఎర్ర కంబళి పరిచి, కూతురి మడమ భుజాన పెట్టుకుని, అంకెలు లెక్కపెడుతూ వాళ్లమ్మ కబుర్లు చెప్పేవాడు. కన్నకూతురే తనను రెండేళ్లుగా వెర్రివాణ్ని చేసిందన్నమాట.

జోర్నిత్స కళ్లు నులుముకుంటూ వచ్చి కంబళి మీద కూర్చుంది. ఆ నటన చూసేసరికి ఆయనకు ఒళ్లు మండింది. బూట్లు తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"దొంగచాటుగా ముందే పరిగెత్తమన్నది ఎవరే, కొత్త కోచ్‌ని పెట్టుకున్నావా? నీ నాన్న మాట నీకు అంత లోకువైపోయిందా?"

జోర్నిత్స మొహం పాలిపోయింది.

"కోచ్ ఎవరూ లేరు నాన్నా. రెండేళ్ల కిందట తొడ పట్టేసి నెల రోజులు మంచం దిగలేదు చూడు, డాక్టరమ్మ చెప్పింది. చల్లగా ఉన్న ఒంటిని అంతసేపు సాగదియ్యకూడదట. ముందు మెల్లగా పరిగెత్తి వేడెక్కాలి, ఈ సాగదీతలన్నీ పరుగయ్యాకే అంది."

"నాకు చెప్పడానికి నోరు రాలేదా?"

"చెబితే ఈ కంబళి మడిచి లోపల పెట్టేసేవాడివి. అమ్మ పోయాక నువ్వు నోరు విప్పేది దీని మీదే. అందుకే ముందే పరిగెత్తి వచ్చి, ఒళ్లు వేడిగా ఉన్నప్పుడు నీకు కాలిచ్చేదాన్ని."

స్పాస్ కుర్చీలో కూలబడ్డాడు. ఆ నెలంతా మంచును తిట్టాడు, రోడ్డును తిట్టాడు. తన చేతుల మీద మాత్రం అనుమానం రాలేదు. ఇప్పుడు వాటినే చూసుకుంటుంటే కళ్లు నిండిపోయాయి.

"నన్ను నమ్మి కాలిచ్చావు తల్లీ. నేనే నొప్పి పెట్టాను."

జోర్నిత్స ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుంది. కాసేపటికి ఆయన లేచి కంబళి చంకన పెట్టుకున్నాడు. నువ్వు నీ పరుగు కానిచ్చుకో, నేను స్టేడియం గేటు దగ్గర ఉంటాను అన్నాడు.

గంట తర్వాత ఆమె రొప్పుతూ వచ్చి, గేటు పక్కన పరిచిన కంబళి మీద వెల్లకిలా పడుకుంది. మడమ తనంతట తానే తండ్రి భుజానికి చేర్చింది.

"ఒకటి" అన్నాడు స్పాస్. తర్వాత ఆ మడమను రెండు చేతులా పట్టుకుని అలాగే ఆగిపోయాడు.

"రెండు" అని ఆమే లెక్క అందుకుంది.